కేబుల్‌కు పోసే దుడ్డు పాటకు పెడదాం



మన సంఘం మేడమీది గదిలో పాటలు వినే ఏర్పాటు చేయాలని కమిటీ అనుకున్న సంగతి మీకందరికీ తెలుసు. త్యాగరాజ కీర్తనలు, క్షేత్రయ్య పదాలు, హరికథలు, పాత సినిమా పాటలు, మన ఇళ్ళలో ఆడవాళ్ళు పాడే పెళ్ళి పాటలు అన్నీ ఒకచోట పెడదామన్నారు. పెద్దలు సాయంత్రం వచ్చి వినవచ్చు, పిల్లలు ఆదివారం తెలుగు క్లాసు అయినాక కూర్చుని వినవచ్చు. మంచి ఆలోచన, నేనూ చేయెత్తినాను. పోయిన వారం దానికి ఒక అంగడివారు ఇచ్చిన ఎస్టిమేటు గ్రూపులో వచ్చింది. స్పీకర్లు, ఆంప్లిఫయరు, స్ట్రీమరు, పాటలు దాచే హార్డ్‌డిస్కు పెట్టె, ఇంతవరకు సరే. అన్నిటికంటే కింద ఒక వరస ఉంది. ఆడియోఫైల్ ఈథర్‌నెట్ కేబుల్ రెండు, ఒక్కొక్కటి 18,000 రూపాయలు. రెండూ కలిపి 36,000.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆ వరస కొట్టేసి దాని తావులో, అచ్చమైన రాగి క్యాట్ 6 కేబుల్ రెండు, 600 రూపాయలు అని రాయాలి. మిగిలే 35,400 రూపాయలకు ఇంతకంటే మంచి పని ఉంది. అదేమిటో చివర చెప్తాను.

ఈ మాట ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. మంచి కేబుల్ వేస్తే పాట ఇంకా బాగుంటుందని నమ్మే పెద్దలు మనలో ఉన్నారు. సంగీతం వాళ్ళకు నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తెలుసు. వాళ్ళ చెవి మీద నాకు గౌరవం. కాని ఇది ముందు లెక్క సంగతి, తరువాతే చెవి సంగతి. ఇంకో కారణం కూడా ఉంది. రిటైరైన దుడ్డుతో ఇంట్లో ఇలాంటి సెట్టు పెట్టుకోవాలని ఆశపడేవాళ్ళు మన గ్రూపులో పదిమందైనా ఉంటారు. సంఘం ఏది కొంటే అదే మంచిదని వాళ్ళూ కొంటారు.

ముందు ఈ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. పాత టేప్ రికార్డరు నుంచి ఆంప్లిఫయరుకు పోయే వైరులో శబ్దమే విద్యుత్తు అలగా మారి పోయేది. వైరు చెడ్డదైతే ఆ అలలో గురగుర కలిసేది. ఒకసారి కలిసింది మళ్ళీ విడదీయలేం. అందుకే అప్పుడు వైరు చూసి కొనడం తెలివైన పనే. రికార్డ్ ప్లేయరు వైరుకు, స్పీకరు వైరుకు ఆ మాట ఇప్పటికీ కొంతవరకు నిజం. ఈథర్‌నెట్ కేబుల్‌లో పోయేది శబ్దం కాదు, అంకెలు. అంకెలు పోయే పద్ధతే వేరు.

గూడ్సు షెడ్డులో పని చేసినవాళ్ళకు ఇది చెప్పడం సులభం. మన రైల్వేలో వ్యాగన్ నంబరుకు 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తరువాతి రెండు ఏ రైల్వేదో చెప్తాయి, తరువాతి రెండు తయారైన సంవత్సరం, ఆ తరువాత నాలుగు దాని సొంత నంబరు. పదకొండో అంకె వేరే రకం. మొదటి పది అంకెలను ఒక పద్ధతి ప్రకారం గుణించి, కూడి తెచ్చిన సరిచూపు అంకె అది. గుమాస్తా తొందరలో 3ను 8గా రాసినాడంటే లెక్క కుదరదు. కంప్యూటరు ఒప్పుకోదు. మళ్ళీ లైనులోకి పోయి చూసి రావలసిందే.

ఈథర్‌నెట్‌లో జరిగేదీ ఇదే మాదిరి. పాట ఫైలు ముక్కలుగా పోతుంది. ఒక్కో ముక్కలో మామూలుగా 1,500 బైట్లకు మించి సరుకు ఉండదు. ప్రతి ముక్క చివర 4 బైట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. అవతలి పెట్టె ఆ లెక్క మళ్ళీ వేసి చూస్తుంది. కుదరలేదంటే ఆ ముక్కను పారేస్తుంది. పాటలు తెప్పించుకునే సాధారణ పద్ధతికి టీసీపీ అని పేరు. రాని ముక్కను మళ్ళీ పంపించుకోవడం దాని పని. కాబట్టి ముక్క సరిగ్గా చేరుతుంది, లేదా మళ్ళీ వస్తుంది. కొంచెం తీయగా చేరడం, కొంచెం మెత్తగా చేరడం అనేవి లేవు. పట్టాలు కొత్తవైనంత మాత్రాన వ్యాగన్‌లోని ఉప్పుడు బియ్యం సన్నబియ్యంగా మారి దిగదు కదా!

ఇక బరువు లెక్క. సీడీ నాణ్యత పాట అంటే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి రెండు వైపులు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1.4 మెగాబిట్లు. ఇంకా గొప్పదని చెప్పే 24 బిట్ల, 192 కిలోహెర్ట్జ్ పాటకు కూడా 9.2 మెగాబిట్లు చాలు. ఫ్లాక్ మాదిరి కుదించి పంపితే ఇంకా తక్కువ. మూడు వందల రూపాయల కేబుల్ మోసేది సెకనుకు 1,000 మెగాబిట్లు. వంద వ్యాగన్ల గూడ్సు బండి అనుకుంటే, సీడీ పాట అందులో ఒకే ఒక్క వ్యాగన్‌లో ఏడో వంతు నింపుతుంది. మిగిలిన 99 వ్యాగన్లూ ఖాళీ. ఈ బండికి ఇంకా గట్టి పట్టాలు వేస్తామంటున్నారు అంగడివారు.

తప్పులు ఎన్ని వస్తాయి? ఈ 1,000 మెగాబిట్ల లైనుకు పెట్టిన ప్రమాణం ప్రకారం వెయ్యి కోట్ల బిట్లలో ఒకటి కంటే ఎక్కువ తప్పకూడదు. సీడీ పాటలో వెయ్యి కోట్ల బిట్లు పోవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. అంటే కష్టకాలంలో కూడా ఒక పూర్తి కచేరీకి ఒక్క బిట్టు. ఆ ఒక్కటి కూడా పైన చెప్పిన సరిచూపులో దొరికిపోతుంది, మళ్ళీ సరైనది వస్తుంది.

దీన్ని నమ్మడానికి ఇంజనీరింగ్ చదవనక్కరలేదు. పాట నడుస్తున్నప్పుడు స్ట్రీమరు వెనక నుంచి కేబుల్ పీకేయండి. చాలా స్ట్రీమర్లలో పాట వెంటనే ఆగదు. కొన్నిటిలో కొన్ని సెకన్లు, కొన్నిటిలో పాట మొత్తం నడుస్తుంది. ఎందుకంటే అంకెలు ముందే వచ్చి లోపలి గోదాములో చేరినాయి. కేబుల్ చేతిలో ఉంది, పాట చెవిలో ఉంది. అప్పుడు వినిపించే తీయదనం ఏ కేబుల్‌ది? గోదాము నుంచి సరుకు ఏ వేళకు బయటికి పోవాలో చెప్పే గడియారం కూడా కేబుల్‌లో లేదు. అంకెలను శబ్దంగా మార్చే డాక్ అనే భాగం దగ్గర ఉంది. తాళం తప్పినా తప్పకపోయినా బాధ్యత దానిదే.

ఇక్కడ చదువుకున్నవారు ఒక మాట అడుగుతారు, న్యాయమైన మాట. అంకెలు సరిగ్గానే చేరతాయి, ఒప్పుకున్నాం, వాటితోపాటు రౌటరు నుంచి విద్యుత్తు రొద కూడా కేబుల్ వెంట నడిచి వచ్చి డాక్‌ను చెడపదా అని. రొద అనేది ఉంది, కాదనను. కాని ఈథర్‌నెట్ పోర్టు లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. 1,500 వోల్టుల పరీక్షకు తట్టుకునే మాదిరి తయారు చేస్తారు. ఇవతలి రాగికి అవతలి రాగికి నేరుగా అంటు లేదు. దాన్ని దాటి సన్నగా జారేది ఏదైనా ఉన్నా, మంచి స్ట్రీమరు తయారుచేసినవారు దానికి లోపలే అడ్డు పెట్టి ఉంటారు. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే ఆప్టికల్ ఫైబరు వేయండి. అది గాజు, దానిలో విద్యుత్తు పోదు. రెండు కొసల మీడియా కన్వర్టర్లు కలిపి మూడు నాలుగు వేలలో పని అయిపోతుంది. రొద మీద నిజంగా భయం ఉన్నవాడు 18,000 రూపాయల రాగి ఎందుకు కొనాలి?

ఇంకో సంగతి. ఎస్టిమేటులోని కేబుల్ చుట్టూ లోహపు కవచం ఉందని గొప్పగా రాసినారు. ఫ్యాక్టరీలో పెద్ద మోటార్ల పక్కన కవచం మంచిదే. ఇంట్లో, మన గదిలో, కవచం రెండు కొసల్లో లోహపు కనెక్టర్లకు తగిలి ఉంటే రెండు పెట్టెల ఎర్తును కలిపేస్తుంది. హమ్ అనే గురగుర పుట్టడానికి అది ఒక దారి. కవచం లేని యూటీపీ కేబుల్‌కు ఆ బాధ లేదు. ఎక్కువ దుడ్డు పెట్టి ఉన్న నిశ్శబ్దాన్ని పోగొట్టుకోవచ్చు.

రకాల పేర్లు చూసి తికమక పడవద్దు. క్యాట్ 5ఇ 100 మీటర్ల వరకు 1,000 మెగాబిట్లు మోస్తుంది. క్యాట్ 6 అదే పని చేస్తూ 55 మీటర్ల లోపల పది రెట్లు మోస్తుంది. క్యాట్ 6ఏ ఆ పది రెట్లు 100 మీటర్ల వరకు మోస్తుంది. క్యాట్ 8 పెద్ద డేటా సెంటర్ల కోసం, 30 మీటర్ల దూరానికి చేసింది. పాటకు క్యాట్ 5ఇ చాలు. కొత్తగా కొనేటప్పుడు ధర తేడా కొంచెమే కాబట్టి క్యాట్ 6 కొనండి. అక్కడితో ఆగండి. నంబరు పెరిగితే పాట పెరగదు.

కొన్ని ఖరీదైన కేబుళ్ళ మీద బాణం గుర్తు ఉంటుంది, ఈ వైపు నుంచి ఆ వైపుకు పెట్టాలని. 1,000 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో నాలుగు జతల తీగలూ ఒకే సమయంలో రెండు వైపులా మాట్లాడతాయి. డబుల్ లైను మీద ఒక వైపుకే బాణం గీసిన మాదిరి ఉంది ఈ సంగతి. ఇది మన ఊరి అంగడివారు కనిపెట్టింది కూడా కాదు. పేరున్న డెనాన్ సంస్థే ఒకప్పుడు ఏకే-డీఎల్1 అనే ఒకటిన్నర మీటరు కేబుల్‌ను 499 డాలర్ల ధర పెట్టి, దిక్కు గుర్తులతో సహా అమ్మింది. లోకమంతా నవ్వుకుంది. నవ్వు తగ్గింది కాని వ్యాపారం తగ్గలేదు.

ఇంకొకటి ఆలోచించండి. ఇంటర్నెట్ నుంచి వచ్చే పాట ఎక్కడో ఉన్న సర్వరు నుంచి వందల కిలోమీటర్లు మామూలు ఫైబరులో, మామూలు స్విచ్చిల్లో నడిచి, మన వీధి స్తంభం మీద చుట్టిన వైరులో దిగి, కింద ఆఫీసు గదిలోని రౌటరుకు వస్తుంది. అంత దూరం చెడకుండా వచ్చిన పాట ఆఖరి రెండు మీటర్లలో చెడిపోతుందా? అంత దూరంలో చెడిపోయి ఉంటే ఆఖరి రెండు మీటర్లు దాన్ని బాగు చేస్తాయా?

తేడా వినిపిస్తుందని చెప్పే పెద్దలకు ఒక మనవి. వారు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోను. ఖరీదైనదని తెలిసినప్పుడు మనం ఇంకా శ్రద్ధగా వింటాం. శ్రద్ధగా వింటే కొత్త సంగతులు వినిపిస్తాయి. ఆ పుణ్యం శ్రద్ధది. అందుకే ఒక పరీక్ష పెడదాం. రెండు కేబుళ్ళకూ గుడ్డ చుట్టి, వినేవారికి కనబడకుండా ఒకరు మారుస్తారు. ఏది పెట్టాలో ప్రతిసారీ నాణెం ఎగరేసి తేల్చాలి. ఒకే కీర్తన, ఒకే వాల్యూము, పదిసార్లు. వినేవారు ఏ కేబులో కాగితం మీద రాయాలి. ఊరికే బొమ్మా బొరుసా అని రాసినా పదికి ఐదు దాకా సరిగా వస్తాయి. తొమ్మిదో పదో రావాలంటే అదృష్టం మీద నూటికి ఒకసారి వస్తుంది. తొమ్మిది సరిగా వస్తే ఆ 36,000 వరసకు మొదటి సంతకం నాదే. అంగడివారిని కూడా పిలవండి, కేబుల్ వారే తెస్తారు.

అయితే ఏ కేబులైనా ఒకటే అని నేను చెప్పడం లేదు. చెడ్డ కేబుల్ ఉంది. అది పాటను మసకగా చేయదు, ఆపేస్తుంది. గుక్కతిప్పుకోకుండా నడవాలంటే చూడవలసినవి ఇవి.

ఒకటి. అచ్చమైన రాగి కావాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగను సీసీఏ అంటారు. చవకగా దొరుకుతుంది, సులువుగా విరుగుతుంది, క్యాట్ 6 ప్రమాణానికి నిలవదు. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల తెల్లగా మెరిసిందంటే వద్దు. చుట్ట చేతికి మరీ తేలికగా ఉన్నా అనుమానించండి.

రెండు. గోడలో పోయేదానికి గట్టి ఒంటి తీగ రకం, పెట్టెల మధ్య వేలాడేదానికి మెత్తని పలు పోగుల రకం. మార్చి వేస్తే వంచినచోట విరుగుతుంది.

మూడు. కొసలో ఆర్‌జే45 కనెక్టరు కొట్టేటప్పుడు రెండు కొసల్లోనూ రంగుల వరస ఒకటే ఉండాలి. మామూలుగా వేసేది ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పని అయినాక టెస్టరు పెట్టి ఎనిమిది దీపాలూ వరసగా వెలిగినాయా చూడకుండా కూలి ఇవ్వవద్దు.

నాలుగు. కరెంటు వైరు ఉన్న పైపులోనే దీన్నీ తోయవద్దు. పక్కపక్కన పోవలసి వస్తే జానెడు దూరం వదలండి. దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి.

ఐదు. ఎలుకలు. మన మేడమీద ఎలుకల సంగతి నేను చెప్పనక్కరలేదు. పీవీసీ పైపులో వేసి రెండు కొసలూ మూయండి.

ఆరు. బయట, ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి రాగి లాగవద్దు. ఐప్పసి, కార్తీక వానల్లో పిడుగు పడితే కేబుల్ వెంట వచ్చి పెట్టెలన్నీ కాల్చిపోతుంది. అక్కడ ఫైబరే సరి.

ఏడు. ఎర్తింగ్. మన కట్టడం పాతది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు కొలిపించండి. స్పీకరులో గురగుర వచ్చే ఇళ్ళలో తప్పు ఎక్కువగా ఎర్తింగ్‌లోనో, టీవీ కేబుల్‌లోనో ఉంటుంది. దానికి అయ్యే కూలి ఆ కేబుల్ ధరలో పదో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు మిగిలిన 35,400 రూపాయల సంగతి.

మనలో చాలామంది నా మాదిరి తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు వయసు వచ్చినాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. కొందరికి ఇప్పటికీ రావు. మనకు తెలుగు చెవి దారిలోనే వచ్చింది. అమ్మ జోలపాట, అవ్వ పెళ్ళి పాట, భజన మందిరంలో కీర్తన. ఈ తమిళ సీమలో తెలుగు నిలిచింది కూడా చాలావరకు అలాగే. తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో పాడినారు. ఘనరాగ పంచరత్నాలలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే. మెలట్టూరు భాగవత మేళం ఈనాటికీ తెలుగులోనే ఆడుతున్నారు. ఆ కీర్తనలకు కొదవ లేదు, పెద్ద పెద్ద విద్వాంసులు పాడినవి ఎక్కడైనా దొరుకుతాయి.

దొరకనివి మన ఇళ్ళలో ఉన్నాయి. 1980లలో, 90లలో పెళ్ళిళ్ళలో, సీమంతాలలో, సంఘం వార్షికోత్సవాలలో టేప్ రికార్డరు పెట్టి పట్టిన క్యాసెట్లు. మన యాసలో, మన మాటలతో పాడిన గొంతులు. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ క్యాసెట్లు బీరువా పైన, అట్టపెట్టెల్లో, బూజు పట్టి ఉన్నాయి. ప్రతి వానకాలం కొన్ని పోతున్నాయి. వాటికి ఏ సర్వరులోనూ కాపీ లేదు. పోయిన ముక్కను మళ్ళీ పంపమని అడగడానికి అవతల ఎవరూ లేరు.

ఆ దుడ్డుతో బాగు చేయించిన ఒక మంచి క్యాసెట్ డెక్కు, కంప్యూటరుకు తగిలించే ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, రెండు హార్డ్‌డిస్కులు కొనవచ్చు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో పట్టినా ఒక గంటకు సుమారు 2 జీబీ. మూడు వందల గంటల క్యాసెట్లు ఒక 1 టీబీ డిస్కులో పడతాయి, ఇంకా చోటు మిగులుతుంది. రెండో డిస్కు వేరే ఇంట్లో దాచాలి. నాణ్యత మీద పట్టింపు ఉన్న పెద్దలకు ఇక్కడ నిజమైన పని ఉంది. డెక్కు హెడ్డును శుభ్రం చేసి, దాని కోణాన్ని ఒక్కో క్యాసెట్‌కు సరిచేస్తే మూసుకుపోయిన గొంతు తెరుచుకుంటుంది. ఆ తేడా గుడ్డ చుట్టి పరీక్ష పెట్టినా ఎవరికైనా వినిపిస్తుంది. అలాంటి చెవి ఉన్నవారు మనకు కావాలి. బూజు పట్టినవాటిని తెలిసినవారు తుడిచి ఇచ్చేవరకు డెక్కులో పెట్టవద్దు.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుంది. నేను అక్కడ మూడు మాటలే అడుగుతాను. ఎస్టిమేటులో కేబుల్ వరస 600కు దించండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు కొలిపించండి. మిగిలింది క్యాసెట్ల పనికి రాయండి. వద్దనేవారు వచ్చి లెక్క చెప్పండి, వింటాను. సరేననేవారు వచ్చేటప్పుడు మీ ఇంటి అట్టపెట్టె దించి, క్యాసెట్లు ఎన్ని ఉన్నాయో, ఎవరి గొంతు ఏదో ఒక కాగితం మీద రాసి తెండి. గొంతు గుర్తుపట్టి పేరు చెప్పే పెద్దలు మనలో ఇంకా కొందరే మిగిలినారు.